రాహేలమ్మ, ఒళ్ళు విదిలించని పొట్టేలు

నిన్న మధ్యాహ్నం బళ్ళారిలో తొలి వాన పడింది. మా ఊళ్ళో వాన ముందు ఎర్రదుమ్మై లేస్తుంది, ఆ తరువాతే నీళ్ళై దిగుతుంది. దండెం మీద ఆరవేసిన నా నల్లగొంగళిని లోపలికి తెచ్చేలోగా అది సగం తడిసిపోయింది. నా మనుమరాలు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తిపట్టి, ముక్కు మూసుకొని, "అవ్వా, దీన్ని ఇంగ పారేద్దామే, గొర్రె వాసన కొడ్తాది" అంది. గొర్రె ఉన్ని గొర్రె వాసన కొట్టక మల్లెపూల వాసన కొడుతుందా? నేను దాన్ని లాక్కొని ముఖానికి అదుముకున్నాను. తడిసిన ఉన్ని వాసన లోపలికి పోగానే రాహేలమ్మ నవ్వు వినిపించింది. వాసనకు నవ్వు వినిపించడం ఏమిటని మీరు అనుకోవచ్చు. ఆమెను చూసి ఉంటే అనుకోరు. ఆమెను చూసినవాళ్ళు మా వీధిలో నేను తప్ప ఇప్పుడు ఎవరూ లేరు. అందుకే నేను చెబుతున్నాను, మనుమరాలు రాస్తోంది. నాకు పెద్దపెద్ద అక్షరాలు మాత్రమే చదవడం వచ్చు. అవి కూడా రాహేలమ్మ పెట్టినవే.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొన్నేళ్ళ తరువాతి మాట ఇది. కంటోన్మెంటు వెనుక రాళ్ళగుట్ట కింద మా ఇల్లు. నా భర్త రైల్వే యార్డులో ఇనుపరాయి ఎత్తే కూలీ. ఒకసారి కురుగోడు సంతకు పోయి, ఉప్పు మిరపకాయలు తెమ్మంటే అవి మరచిపోయి, తల్లి లేని గొర్రెపిల్లను గొంగట్లో చుట్టుకొని తెచ్చాడు. మా అత్త హనుమక్క నోరు పెద్దది. ఉప్పుకు బదులు ఈ గొర్రెపిల్లను నాకుతామా అని ఆమె ఆ పూటంతా దులిపింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ తరువాత కొన్ని నెలలకే యార్డులో బల్ల జారి, రాళ్ళ బుట్టతో సహా కింద పడి ప్రాణం విడిచాడు. నాకు అప్పటికి చంకలో బిడ్డ, గంగి. గొర్రెపిల్లకు ఇంకా కొమ్ములైనా రాలేదు. ఆయన మా ఇంటికి తెచ్చిన చివరి వస్తువు అదే అయింది.

పదకొండో రోజు మా వైపు విధవరాలికి ఏం చేస్తారో తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. తెల్లవారుజామున బావి దగ్గర కూర్చోబెట్టి, నెత్తిన చల్లని నీళ్ళు కుమ్మరించి, గాజులు పగలగొట్టారు. నేను గడగడ వణికాను. ఎవరో ముసలామె, "సరే, అయిపాయ, లేపండి" అంది. నేను వణికితే ఆమె సరే అన్న ఈ ఒక్క ముక్క మీరు జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. ఇక ఏడుపు మాటలు చాలు. రాహేలమ్మ గురించి చెబుతూ ఏడిస్తే ఆమె ఒప్పుకోదు.

పొట్ట కోసం కంటోన్మెంటులో మిషన్ ఆసుపత్రికి పోయి దుప్పట్లు ఉతికే పనిలో చేరాను. ఆసుపత్రి వెనుక పెద్ద రాతితొట్టి, దాని మీద ఇనుప కొళాయి. ఎండకు తలలు పగిలే ఊరు మాది. నాతోపాటు గొర్రెపిల్ల కూడా రోజూ వచ్చేది. మొదట తొట్టి పక్క నీడలో పడుకొనేది. తరువాత కారే నీళ్ళలో కాళ్ళు పెట్టింది. కొమ్ములు వచ్చేసరికి నేరుగా కొళాయి కింద నిలబడి, కళ్ళు మూసుకొని, వీపు మీద నీళ్ళు పోయించుకోవడం మరిగింది. గొర్రె అంటే నీళ్ళకు ఆమడ దూరం పారిపోతుంది కదా, ఇది మాత్రం కొళాయి కట్టేస్తే నన్ను కుమ్మేది. వెనుకట కంటోన్మెంటులో తెల్లదొరలు రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాళ్ళట. అందుకని ఆసుపత్రివాళ్ళు దానికి దొర అని పేరు పెట్టారు. నల్లని ఉన్ని, వంకర కొమ్ములు, నడకలో ఆ ఠీవి, అచ్చం దొరే.

ఆ తొట్టి దగ్గరే రాహేలమ్మను మొదటిసారి చూశాను. మిషన్ తరఫున వార్డువార్డుకూ, ఇంటింటికీ తిరిగి బైబిలు వాక్యం చెప్పే పని ఆమెది. కర్నూలు వైపు మనిషి. ఆమె కూడా చిన్నప్పుడే ముండమోసింది. భారీ శరీరం, తెల్లచీర, మగవాళ్ళు పట్టే నల్లగొడుగు, చంకలో బొమ్మల చుట్ట. ఆ చుట్ట విప్పి మేకుకు తగిలిస్తే ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క బొమ్మ, కింద పెద్ద అక్షరాలు. ఆమెకు ఒకటే దుర్గుణం, నశ్యం. ప్రార్థన మొదలుపెట్టి కళ్ళు మూసుకోగానే తుమ్మేది. అయ్యగారు, అంటే గుడి పాస్టరుగారు, దానికి చాలా బాధపడేవారు. "నా తుమ్ము గూడ దేవుడు ఇచ్చిండేదే కదయ్యా" అనేది ఆమె.

ఆ రోజు తొట్టి గట్టు మీద కూర్చొని చుట్ట విప్పింది. సిలువ బొమ్మ వచ్చింది. ఆ మనిషి చేతులకు మేకులు చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఏం తప్పు చేశాడని అడిగాను. ఏమీ చేయలేదంది. మరి ఎందుకు చంపారంటే మన కోసమంది. నేను దుప్పటి పిండుతూ, "మన కోసమంటే, మారెమ్మకు పొట్టేలును ఇస్తామే, అట్లనా?" అన్నాను. రాహేలమ్మ గట్టు మీది నుంచి దాదాపు జారిపడింది. అంత నవ్వు నవ్వింది.

"వాయమ్మో, ఊళ్ళో చదువుకున్నోళ్ళకు ఈ ముక్క చెప్పేకి నాకు నెలలు పడ్తాది. నీవు దుప్పటి పిండేలోగా చెప్పేస్తివే" అంది. ఆ తరువాత గొంతు తగ్గించి, "అట్లనే, గానీ అట్ల గాదు. ఆ తేడా ఏందో నిదానంగా చెప్తాలే" అంది.

ఆ నిదానం చాలా కాలం పట్టింది. ఈలోపల ఆమె నాకు బొమ్మల కింది అక్షరాలు నేర్పింది. తడిచేతితో తొట్టి రాతి మీద రాస్తే ఎండకు వెంటనే ఆరిపోయేవి. అవి ఆరేలోగా చదవాలి. అందుకే ఈనాటికీ నేను అక్షరాన్ని చూడగానే తొందరపడతాను. దొర మా పక్కనే నిలబడి చుట్ట అంచు నమిలేది. ఐగుప్తు దేశం బొమ్మలో ఒక ఒంటె వెనక కాళ్ళు దొర కడుపులోకే పోయాయి. మట్టల ఆదివారం నాడు చర్చివాళ్ళంతా ఈతమట్టలు పట్టుకొని పాడుకుంటూ ఊరేగింపుగా వస్తుంటే, చూద్దామని నేను రోడ్డు పక్క నిలబడ్డాను. దొర నా చేతిలోంచి తాడు లాక్కొని ఊరేగింపులో దూరింది. ముందు పెద్దల చేతుల్లో మట్టలు తిన్నది, తరువాత పాటలు పాడే పిల్లల మట్టలు తిన్నది, చివరికి గుడి తలుపుకు కట్టినవి కూడా తిన్నది. అయ్యగారి ముఖం ఎర్రబడింది. రాహేలమ్మ దాని కొమ్ములు పట్టి బయటికి నడిపిస్తూ, "దీన్నేమీ అనొద్దయ్యా, ఈ పొద్దు గుడికి నిజంగా ఆకలితో వచ్చినాది ఇదొక్కటే" అంది. నేను చర్చి గడప తొక్కింది ఆ విధంగా, పొట్టేలు కోసం.

ఆ మరుసటి ఏడు చలి తగ్గుతుండగా నా బిడ్డ గంగికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, కళ్ళు తెరవదు, నీళ్ళు మింగదు. మా వైపు అది రోగం కాదు, మారెమ్మ తల్లి ఇంటికి వచ్చినట్టు. వాకిట్లో వేపమండలు కట్టి, పసుపునీళ్ళు చల్లి, మా అత్త చేతులు జోడించి మొక్కింది. బిడ్డను వదిలిపెడితే జాతరలో ప్రాణానికి ప్రాణం ఇస్తానంది. ఇంట్లో ఉన్న ప్రాణం దొర ఒక్కటే. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. బిడ్డ ఊపిరి గురకపెడుతుంటే ఏ తల్లి నోరు తెరుస్తుంది?

రాహేలమ్మ రోజూ వచ్చింది. అమ్మవారు పోసిన ఇంటికి ఎవరూ రారు. ఆమె వచ్చి, వేపమండ అందుకొని, బిడ్డకు విసురుతూ కూర్చొనేది. మిషన్‌మనిషి వేపమండ పట్టిందని వీధి అంతా చెప్పుకొని నవ్వింది. వేపచెట్టును చేసిందెవరో నాకు తెలుసు, ఆయనకు లేని సిగ్గు నాకెందుకని ఆమె విసురుతూనే ఉండేది. ఒక పూట నేను అడిగాను. నా భర్తది పాపమంటారు, నాది పాపమంటారు, ఈ పసిదేం పాపం చేసిందని ఇట్లా అయింది అని. ఏ ఉపదేశం చెబుతుందోనని చూశాను. "ఏమీ చెయ్యల్యా. ఎవురన్నా చేసినాదంటే చెప్పు, వాళ్ళ నోట్లో నశ్యం పోస్తా" అంది. ఆ ఒక్క మాటకు నేను ఆమె మనిషినైపోయాను.

గంగి బతికింది. పొక్కులు ఎండి రాలాయి. గంజి అడిగింది, తరువాత బెల్లం అడిగింది, తరువాత దొర మీద కూర్చుంటానని ఏడ్చింది. జాతర దగ్గరపడింది. మా అత్త దొరకు మెడలో పసుపుతాడు కట్టింది. ఆ తాడు కట్టిన తరువాత అది మనది కాదు, అమ్మవారిది.

ఒక సాయంత్రం రాహేలమ్మ మా అరుగు మీద చుట్ట విప్పింది. గంగికి బొమ్మలు చూపిస్తూ సిలువ దగ్గరికి వచ్చేసరికి, లోపల జొన్నపిండి జల్లిస్తున్న మా అత్త జల్లెడ కింద పెట్టి వచ్చి నిలబడింది.

"ఏమ్మే రాహేలమ్మా, ఒగటి అడుగుతా చెప్పు. మా మారెమ్మ పొట్టేలుతో సరిపెట్టుకుంటాది. మీ దేవుడు కన్నకొడుకునే కోయించుకున్యాడంటివి. ఇద్దర్లో ఎవురు దయ గల్లోళ్ళు?"

రాహేలమ్మ మాటకు తడుముకోవడం నేను చూసింది అప్పుడొక్కసారే. నశ్యం డబ్బీ తీసి, మళ్ళీ లోపల పెట్టుకొని, "మంచి మాట అడిగినావక్కా. ఇన్నేండ్లు తిరిగినా, నన్నెవురూ ఇది అడగల్యా. నేను ఆలోచన చేసి చెప్తా" అంది. మా అత్త గెలిచినట్టు జల్లెడ దగ్గరికి పోయింది. కానీ పిండి జల్లిస్తూ, ఆ లావామె అబద్ధాలకోరు కాదులే అని తనలో తాను అనుకోవడం నేను విన్నాను.

దొరను ఇస్తే నా భర్త చేతుల చివరి వెచ్చదనం పోతుంది. ఇవ్వకపోతే బిడ్డ పోతుందేమోనని భయం. రోజూ కొళాయి కింద నీళ్ళు పోస్తుంటే అది కళ్ళు మూసుకొని నిలబడేది, మెడలో పసుపుతాడు తడిసి రంగు కారేది. నేను రాహేలమ్మ చేయి పట్టుకొని, నీవు చెప్పు, ఇవ్వనా వద్దా అని అడిగాను. ఆమె ఇవ్వొద్దని చెబుతుందని నా ఆశ. అట్లా చెప్పి ఉంటే బిడ్డకు మళ్ళీ ఒళ్ళు వెచ్చబడినప్పుడల్లా నేను ఆమెను తిట్టుకొని ఉండేదాన్ని.

"ఈరమ్మా, భయానికి ఇయ్యొద్దు, భయానికి ఆపొద్దు. నీ భయం నాకు తెల్సు. అది పోయేదాకా పొట్టేలు మాట నేను ఎత్తను. ఆ పొద్దు నేను నీ పక్కన నిలబడాల్నా?"

నిలబడమన్నాను. ఆ మాట అనేటప్పుడు నేను ఎంత పెద్ద కోరిక కోరానో నాకు తెలియదు. మిషన్‌మనిషి మారెమ్మ జాతరకు పోతే చర్చివాళ్ళు ఊరుకుంటారా? పని పోవచ్చు, చుట్ట లాక్కోవచ్చు. ఆమె అవేవీ నాతో అనలేదు. సరే వస్తానులే, ఎండగా ఉంటుంది, గొడుగు తెస్తానంది.

జాతర రోజు మా వీధివాళ్ళంతా గుడి ముందు చేరారు. ఉరుము డప్పులు మోగుతున్నాయి, వేపాకు పొగ కళ్ళను మండిస్తోంది. మా వైపు పద్ధతి తెలియనివాళ్ళకు చెబుతున్నాను. పొట్టేలును ఊరికే కొయ్యరు. అమ్మవారి ముందు నిలబెట్టి, నెత్తి మీద, వీపు మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, అదీ ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తి లేవకూడదు. పూజారి కన్నడం మాట్లాడే ముసలాయన, ఎంత కోపిష్టో అంత నియమం గలవాడు. మా ముందు వచ్చిన మేకలు చెంబు నీళ్ళు పడీపడకముందే దులపరించుకున్నాయి. మా వంతు వచ్చింది. మా అత్త దొరను ముందుకు నెట్టింది. నేను గంగిని ఎత్తుకొని కళ్ళు మూసుకున్నాను. జనం వెనుక నల్లగొడుగు కింద రాహేలమ్మ ఉందని మాత్రం తెలుసు.

పూజారి చెంబు కుమ్మరించాడు. ఏ చప్పుడూ లేదు. ఇంకో చెంబు పోశాడు. అప్పుడూ లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కళ్ళు తెరిచాను. దొర నాలుగు కాళ్ళూ నిలువుగా పెట్టి, కళ్ళు అరమోడ్చి, గడ్డం పైకెత్తి, మెడ కింద కూడా పోయమన్నట్టు నిలబడింది. పూజారి బిందె తెప్పించాడు. బిందెడు నీళ్ళు వీపు మీద పడుతుంటే దానికి స్వర్గం దిగివచ్చినట్టుంది. ఖాళీ బిందెను కొమ్ముతో ఒక్క పోటు పొడిచింది, ఇంకా ఏదని. ఉరుములు వాయించేవాళ్ళు వాయించడం మానేసి చూశారు. రోజూ ఆసుపత్రి కొళాయి కింద జలకాలాడే పొట్టేలని నాకు తెలుసు, మా అత్తకు తెలుసు, సగం వీధికి తెలుసు. అయినా ఆ పూటదాకా ఒక్కరికీ ఇది నీళ్ళకు విదిలించదన్న ఆలోచన రాలేదంటే, ఏం చెప్పమంటారు? నాకే రాలేదు.

నవ్వింది చూసేవాళ్ళు. మా అత్త నవ్వలేదు. ఆమె మోకాళ్ళ మీద పడి, తల్లీ, ఏం తప్పు చేశాం, ఎందుకు వద్దంటున్నావు, నా మనుమరాలి మీద కోపమా అని నేలకు తల కొట్టుకుంటోంది. అంత నోరున్న మనిషి గొంతు పిల్లిపిల్ల గొంతైపోయింది. అప్పుడు నాకు తెలిసింది, నాకున్న భయమే ఆమెకూ ఉందని. ఆ భయాన్ని జొన్నపిండి జల్లించినట్టు ఇన్నాళ్ళూ జల్లిస్తూనే ఉందని. జనం పక్కకు జరిగారు. రాహేలమ్మ గొడుగు మూసి, అంత శరీరంతో కష్టపడి నేల మీద కూర్చొని, మా అత్త తలను ఒళ్ళోకి తీసుకొంది. పూజారి వైపు చూసి, "ఇట్ల అయితే మీ పద్ధతి ఏమప్పా?" అని మాత్రం అడిగింది.

పూజారి చెంబు కింద పెట్టాడు. "ఒప్పిగె ఇల్లమ్మా. ఒప్పుకోనిదాని మీద నేను కత్తి ఎత్తేది లేదు. తల్లి దాన్ని వదిలినాది. గుమ్మడికాయ కొట్టి ఇంటికి పోండి, బిడ్డకు ఏమీ కాదు" అన్నాడు.

బూడిదగుమ్మడికాయ కొట్టారు. ఆ ముక్కలు కూడా దొరే తిన్నది.

ఎండ వాలాక మా అరుగు మీద కూర్చున్నాం. గుమ్మడికాయ చాలుతుందా, అమ్మవారికి నిజంగా సరిపోయిందా, బిడ్డ ఒళ్ళు తాకి చూడు అని మా అత్త మాటిమాటికీ అంటోంది. గంగి దొర కొమ్ములకు జాతర పూలదండ చుడుతోంది. రాహేలమ్మ వాళ్ళిద్దరినీ చూసి, మా అత్త వైపు తిరిగింది.

"అక్కా, ఆ పొద్దు నీవు అడిగినదానికి ఈ పొద్దు చెప్తా. పొట్టేలును మనం తీసుకపోతాం. అది పోదు. నీళ్ళు పోస్తే చలికి వణుకుతాది, మనం ఒప్పుకున్యాది అంటాం. కత్తి ఉండాదని దానికి తెల్సా? సిలువ మీదుండే ఆయనకు తెల్సు. ఎవురూ తాడు కట్టల్యా, నీళ్ళు పోయల్యా. భయపడినాడు, చెమటలు కారినాయి, వద్దని గూడ ఏడ్చినాడు. అయినా తానే సరే అన్యాడు. దేవుడు ఇంగెవర్నో పట్టుకొచ్చి కోయించల్యాక్కా. కొడుకంటే వేరే మనిషి గాదు. తానే వచ్చి తన్నే ఇచ్చుకున్యాడు. తెలిసి ఒప్పుకున్నోడు ఒగడు మొక్కు తీర్చి పాయ. ఇంగ ఒప్పుకోనోళ్ళను లాక్కపోయే పని ల్యా."

మా అత్త కొంగుతో ముఖం తుడుచుకొంది. నేను నోరు తెరిచాను. ఏం అంటున్నానో నాకే తెలియకుండా అన్నాను: "బావికాడ నా నెత్తిన నీళ్ళు పోసినప్పుడు నేను గూడ వణికితిని."

దొర పూలదండ నములుతోంది. అప్పుడు మా అత్త, తన బోసిచేతులను ముందుకు చాపి చూసుకొని, "నన్ను మాత్రం ఎవురు అడిగినారు?" అంది. మూడు బోసిచేతుల జతలు ఆ అరుగు మీద. ఎవరం ఎవరి చేయి పట్టుకున్నామో గుర్తులేదు. అందరం ఒకేసారి ఏడ్వబోతుండగా రాహేలమ్మ నశ్యం పీల్చి, గోడ అదిరేలా తుమ్మింది. దొర అదిరిపడి, పొద్దున బిందెడు నీళ్ళకు విదిలించని ఒళ్ళును అప్పుడు నిలువెల్లా విదిలించింది. పసుపునీళ్ళ తుంపరలు మా ముగ్గురి ముఖాల మీద పడ్డాయి. మా అత్త ముందు నవ్వింది. ఆమె నవ్వు ఆపలేక అరుగు మీద పడి దొర్లింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. బిడ్డ ఊపిరి ఆడుతోందా అని లేచి చూసుకోకుండా నిద్రపోయాను. రక్షణ అంటే ఏమిటని ఈనాడు నన్నెవరైనా అడిగితే ఆ నిద్ర గురించే చెబుతాను. స్వర్గం సంగతి పోయినాక తెలుస్తుంది. ఆ నిద్ర మాత్రం నాకు ఇక్కడే దొరికింది.

అయ్యగారు రాహేలమ్మను పిలిపించారు. జాతరకు ఎందుకు పోయావని చర్చి పెద్దలందరి ముందు నిలదీశారు. "తప్పిపోయిన గొర్రె కోసం పోతినయ్యా" అందట. ఏ గొర్రె దొరికిందని ఒక పెద్దాయన వెటకారం చేశాడట. "కొమ్ములది ఒగటి, కొమ్ములు లేనివి రెండు" అందట. ఆమెను కొన్నాళ్ళు వాక్యం చెప్పకుండా ఆపారు. ఆ కొన్నాళ్ళూ నా పక్కన కూర్చొని దుప్పట్లు ఉతికింది, రోగులు ఆమెను వెతుక్కుంటూ తొట్టి దగ్గరికే వచ్చి బొమ్మల కథలు చెప్పించుకున్నారు. చివరికి అయ్యగారే విసిగి, తొట్టి దగ్గర చెప్పేదానికంటే వార్డులో చెప్పడమే నయమని చుట్ట తిరిగి ఇచ్చారు. ఆ తరువాత ఒక డిసెంబరులో నేనూ గంగీ బాప్తిస్మం తీసుకున్నాం. మా అత్త తీసుకోలేదు. ఆమె మారెమ్మను వదలలేదు. కానీ ఏటా క్రిస్మసుకు వచ్చి వెనుక వరుసలో కూర్చొనేది, సిలువ బొమ్మ వైపు గడ్డం ఎగరేసి, "మంచోడే పాపం, అడగకనే ఇచ్చినాడు" అని పక్కవాళ్ళకు వినిపించేలా అనేది. సిలువ సంగతి అంత చిన్న మాటలో చెప్పగా నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు.

దొర ముసలిదై, పళ్ళు ఊడి, కొళాయి పక్క నీడలోనే ఒక మధ్యాహ్నం పోయింది. ఏటా కత్తిరించిన దాని ఉన్ని కూడబెట్టి రెండు గొంగళ్ళు నేయించాను. ఒకటి రాహేలమ్మకు ఇచ్చాను. ఆమె చివరి రోజుల్లో మంచం మీద అది కప్పుకొని, "చూడు, కోయకనే ఎంత ఇచ్చినాదో" అని గంగికి చూపించి నవ్వింది. రెండోది నిన్న తడిసింది.

నాకు ఆమె దగ్గర నుంచి వచ్చిన ఆస్తి ఒక అలవాటు. ఎవరైనా నా కోసం ఏదైనా వదులుకుంటామంటే, నీకు ఇష్టమేనా అని మొగం చూసి అడుగుతాను. గంగి నర్సు చదువు మానేసి నన్ను చూసుకుంటానంటే అడిగాను, దాని కళ్ళు నేల చూశాయి, చదువుకు పంపాను. మా వీధిలో ఏ ఆడపిల్ల భర్త పోయినా నేను ముందు పోయి కూర్చుంటాను. బావి దగ్గరికి తీసుకుపోతామంటే, ముందు ఆ పిల్లను అడగండి అంటాను. నోరున్న ముసలిదని తిడతారు. మా అత్త నోరు నాకు వచ్చిందని మురిసిపోతాను.

మనుమరాలా, చివరి మాట సరిగ్గా రాయి. నేను పోయిన రోజు నన్ను కూర్చోబెట్టి నీళ్ళు పోస్తారు కదా. గోరువెచ్చనివి పోయమను, చల్లనివి వద్దు. నేను ఒళ్ళు విదిలించను. దొర మాదిరి గడ్డం ఎత్తి కూర్చుంటాను. అది చూసి ముసలిదానికి పోవడం ఇష్టం లేదని ఎవరూ అనుకోవద్దు. ఆ రోజు అరుగు మీద రాహేలమ్మ మాట విన్నప్పుడే, నీకు ఇష్టమేనా అని సిలువ మీది ఆయన నన్ను అడిగినట్టయింది. నేను అప్పుడే మనసులో సరేనన్నాను.